బొమ్మకు మాట కలిపిన రఘుపతి వెంకయ్య

వార్షికోత్సవం నాడు హాల్లో టీవీకి సౌండ్ బాక్సులు తగిలించే తమ్ముళ్లు తెలుసుకోవలసిన పేరు రఘుపతి వెంకయ్య నాయుడు గారిది.

ఆయన మచిలీపట్నంలో 1869లో జన్మించారు. మద్రాసు చేరి ఫోటో స్టూడియో పెట్టి స్థిరపడ్డారు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోనే తాకట్టు పెట్టి, 30,000 రూపాయలతో క్రోనో మెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. ఆట నడవకపోతే కూడు పెట్టే స్టూడియోనే పోతుంది!

అందులో బొమ్మ ఫిల్ము మీద, పాట గ్రామఫోన్ రికార్డు మీద విడివిడిగా ఉండేవి. రెండూ ఒకేసారి మొదలై ఒకే వేగంతో నడవాలి. ఫిల్ము తెగి కాస్త ముక్క పోయిందా, పెదవులు ఒకచోట, మాట ఇంకొకచోట. అప్పటికి ఆంప్లిఫయర్లు లేవు. గాలి ఒత్తిడితోనే శబ్దం పెంచేవారు. మన పని అంతకన్నా సులువు. అయినా ఒక బాక్సుకు ఎరుపు, నలుపు తీగలు తిరగబడితే చాలు, బేస్ పలచబడిపోతుంది. (గత ఏడాది మన హాల్లో జరిగింది అదే. నింద మాత్రం పాత టీవీ మీద పడింది.)

ఆ సరంజామాతో వెంకయ్య గారు ఊరూరా తిరిగి, బర్మా, సింహళం దాకా వెళ్లారు. తిరిగివచ్చి మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టించారు. కుమారుడు ప్రకాష్‌ను సినిమా విద్య కోసం విదేశాలకు పంపారు. వారి సంస్థ 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీసింది. మాట కోసం ఇల్లు గుల్ల చేసుకోవడానికి తెగించిన మనిషి తీసింది మూకీ చిత్రం!

తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో వచ్చేనాటికి ఆయన జీవించే ఉన్నారు. 1941లో కన్నుమూశారు.