రేచెల్ కార్సన్ — మత్స్యముల సాక్ష్యము

సంస్కృత నిఘంటువులు నీటికి జీవనమని యొక పేరును, విషమని వేఱొక పేరును ఇచ్చినవి. కవులు ఈ శ్లేషను వినోదమునకు వాడుకొనిరి. ఇరువదవ శతాబ్దమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక స్త్రీ ఆ రెండు పేర్ల నడుమ గల దూరమెంత స్వల్పమో లెక్కలతో చూపి, ధనబలమును అధికారబలమును ఎదుర్కొని, తుదకు లోకముచే ఒప్పించెను. ఆమె పేరు రేచెల్ కార్సన్. పైరును గాచుటకై చల్లిన మందు పొలముననే నిలిచియుండదనియు, కాలువవెంట నదిని జేరి చేపను చంపుననియు, చావక మిగిలిన చేపద్వారా పక్షికిని మనుష్యునికిని సంక్రమించుననియు ఆమె బోధించెను. భూవసతి గలవారును, పట్టణములలో కొళాయినీరు త్రాగువారును సమానముగా తెలిసికొనవలసిన చరిత్రమిది.

రేచెల్ 1907వ సంవత్సరము మే 27వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి స్ప్రింగ్‌డేల్ అను చిన్న యూర జన్మించెను. తండ్రికి 65 ఎకరముల భూమి యుండెనేగాని దానివలన కలిగిన రాబడి అల్పము. ఊరి చెంతనే అల్లెఘనీ నది ప్రవహించుచుండెను. తల్లి మరియా బిడ్డను తోటలలో త్రిప్పుచు చెట్లను, పక్షులను, పురుగులను గుర్తింప నేర్పెను. ఆ బాలిక రచన 1918లోనే ఒక పిల్లల పత్రికయందు వెలువడినది. రచయిత్రి కావలెనను కోరికతో ఆమె కళాశాలయందు ఆంగ్ల సాహిత్యమును చేపట్టెను. కాని మేరీ స్కాట్ స్కింకర్ అను అధ్యాపకురాలి బోధనవలన జీవశాస్త్రమునకు మరలెను. 1929లో పట్టమును పొంది, ఆ వేసవియందు వుడ్స్ హోల్ సముద్ర పరిశోధనాలయమునకు పోయి అచ్చట తొలిసారిగా సముద్రమును చూచెను. 1932లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున ఉన్నత పట్టమునకై ఆమె సమర్పించిన పరిశోధన, మీసములుగల జెల్లజాతి చేపపిల్లలో మూత్రాంగము ఏర్పడు విధమును గూర్చినది.

అప్పటికే ఆర్థికమాంద్యము ఆ దేశమును క్రుంగదీసియుండెను. 1935లో తండ్రి మరణించుటతో కుటుంబభారము ఆమెపై బడినది. డాక్టరు పట్టమునకై చదువు సాగింప వీలుకాలేదు. ఆ కాలమున ప్రభుత్వ మత్స్యశాఖవారు జలచరములను గూర్చి సామాన్యులకు తెలియునట్లు రేడియో ప్రసంగములు వ్రాయగలవారిని వెదకుచుండిరి. రేచెల్ ఆ పని చేసి మెప్పు పొంది, పరీక్షయందు ఉత్తీర్ణురాలై, 1936లో ఆ శాఖయందే జలజీవశాస్త్రజ్ఞురాలుగా నియమింపబడెను. మఱుసటి యేడు అక్క ఇద్దరు కుమార్తెలను విడిచి మరణింపగా, వారి పోషణము గూడ రేచెల్‌కును ఆమె తల్లికిని సంక్రమించెను. ఆమె వివాహమాడలేదు. పగలు ఉద్యోగము, రాత్రులు గ్రంథరచన — ఇట్లు పదునైదేండ్లకు పైగా గడచెను.

1941లో వెలువడిన ఆమె ప్రథమ గ్రంథము సముద్రజీవుల బ్రదుకును వర్ణించినది. అది వెలువడిన కొలది దినములకే అమెరికా యుద్ధమున దిగుటచే దానిని చదివినవారు లేకపోయిరి. 1951లో ప్రచురించిన సముద్రవిషయక గ్రంథము మాత్రము అఖండకీర్తిని దెచ్చినది. దానివలన లభించిన ధనముతో ఆమె 1952లో ఉద్యోగమును విడిచి స్వతంత్రముగా వ్రాయదొడగెను. అయినను ఆ కొలువున గడచిన కాలము వృథాపోలేదు. నదులనుండియు తీరములనుండియు వచ్చు పరిశోధన నివేదికలు ఆమె చేతిమీదుగా పోవుచుండెడివి. 1949నుండి ఆ శాఖ ప్రచురణలన్నిటికిని ఆమెయే ప్రధాన సంపాదకురాలు. కావుననే ముందు ముందు ఆమె చేసిన వాదము వినికిడి మాటలపై గాక పరీక్షించిన విషయములపై నిలిచినది.

ఇక వివాదమునకు మూలమైన మందును గూర్చి చెప్పవలెను. డి.డి.టి. అను రసాయనము కీటకములను చంపునని 1939లో స్విట్జర్లండు దేశీయుడు పాల్ ముల్లర్ కనుగొనెను. యుద్ధకాలమున అది పేలను చంపి విషజ్వరమును, దోమలను చంపి చలిజ్వరమును అణచి, అసంఖ్యాక ప్రాణములను గాచినది. 1948లో ముల్లర్‌కు నోబెల్ బహుమానము లభించెను. ఇది కాదనరాని మేలు. కాని యుద్ధానంతరమున వర్తకులు ఆ మందును, దానికంటె ఘోరమైన సజాతీయ రసాయనములను పొలములపైని, అడవులపైని, చెరువులపైని వర్షమువలె కురియజేసిరి. చేపలపైని పక్షులపైని దాని ప్రభావమును ప్రభుత్వ పరిశోధకులు శోధించుచుండుట యెఱిగి, 1945లోనే రేచెల్ దానిని గూర్చి వ్యాసము వ్రాసెదనని ఒక పత్రికకు తెలిపెను. వారు వలదనిరి.

1957లో న్యూయార్కు సమీపమునందలి లాంగ్ ఐలండుపై, చెట్లను తిను గొంగళిపురుగులను చంపుటకని విమానములనుండి డి.డి.టి.ని చల్లిరి. తోటలు, పాడిపశువుల మేత, చేపల చెరువులు, పిల్లలు ఆడుకొను తావులు — అన్నియు తడిసినవి. ప్రజలు న్యాయస్థానము నాశ్రయించిరి. 1960లో సర్వోన్నత న్యాయస్థానము వారి మొఱను విచారణకు స్వీకరింపలేదు. ఈ నడుమ, 1958 జనవరిలో, దోమలమందు చల్లినపిదప తన తోటలో పక్షులు చచ్చినవని ఒక స్నేహితురాలు రేచెల్‌కు లేఖ వ్రాసెను. తన భూమిపై తన సమ్మతి లేకయే విషము పడుచుండగా వలదనుటకు పౌరునకు హక్కు లేదా? ఈ ప్రశ్నయే ఆమెను గ్రంథరచనకు పురికొల్పినది.

ఆమె సేకరించిన సాక్ష్యములలో మత్స్యముల సాక్ష్యమే మిక్కిలి బలవత్తరము. కెనడాలో మిరామిచి యను నది సాల్మన్ చేపలకు పుట్టినిల్లు. 1954 జూన్ మాసమున ఆ పరిసరముల అడవులపై, చెట్ల మొగ్గలను తిను పురుగును చంపుటకు ఎకరమునకు అర పౌను వంతున డి.డి.టి.ని చల్లిరి. రెండు దినములలో ఒడ్డువెంబడి చేపలు చచ్చి తేలినవి. ఆగష్టు నాటికి ఆ వసంతమున పుట్టిన సాల్మన్ పిల్లలలో ఒక్కటియు మిగులలేదు. మందుదెబ్బ దప్పించుకొన్నవానికి గూడ ఆహారము కఱవయ్యెను. ఏలయన అవి తిను నీటిపురుగులు సైతము నశించినవి. అదృష్టవశమున ఆ నదియందలి చేపలను కెనడా శాస్త్రజ్ఞులు 1950నుండియు లెక్కించుచుండిరి. ఆ లెక్కలే లేకున్న ఈ నష్టమును నమ్మువారెవరు?

కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు కథ ఇంకను సూక్ష్మమైనది. అచ్చట చేపలు పట్ట వచ్చు వినోదులకు చిన్న ముసురుపురుగులు చీకాకు కలిగించుచుండెను. వానిని చంపుటకు డి.డి.డి. అను మందును 1949లో ఏడు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున, 1954లోను 1957లోను ఐదు కోట్ల పాళ్లకు ఒక పాలు చొప్పున కలిపిరి. ఇంత అల్పమైన మోతాదు ఏమి హాని చేయునని తలచిరి. పిదప గ్రీబులను నీటిపక్షులు వందలుగా చావసాగినవి. కారణము వెదకగా, నీట తేలియాడు సూక్ష్మజీవులలో ఆ మందు పదిలక్షలకు 5 పాళ్లుండెను. వానిని తిను చేపలలో 40 మొదలు 300 పాళ్లు. ఇతర చేపలను తిను జెల్లజాతి చేప యొకదానిలో ఏకముగా 2500 పాళ్లు. సరస్సు నీటిని పరీక్షించినచో అప్పటికే మందు జాడయైనను లేదు. అది నీటిని విడిచి జీవుల క్రొవ్వులో కాపురమేర్పఱచుకొన్నది. ఒకప్పుడు వేయి జంటలకు మించిన గ్రీబులు 1960 నాటికి 30 జంటలుగా క్షీణించినవి. నీరు నిర్మలముగా కనబడినంత మాత్రమున నిర్దోషమని నమ్మరాదను పాఠము ఇందున్నది.

ఈ గ్రంథరచన సాగిన నాలుగేండ్లును ఆమెకు దుఃఖకాలము. అంతకు మునుపే, 1957లో, మేనకోడలు మరణింపగా, ఐదేండ్ల బాలుని ఆమె దత్తత చేసికొనియుండెను. 1958 తుదిని తల్లి గతించెను. 1960లో స్తనమునందు రాచపుండు బయలుపడి శస్త్రచికిత్స జరిగెను. ఆమె తన రోగమును రహస్యముగా నుంచెను. రసాయనములను నిందించుటకు స్వీయవ్యాధియే కారణమని ప్రత్యర్థులు ప్రచారము చేయుదురని ఆమె యెఱుగును. 1962 జూన్‌లో ఒక వారపత్రికయందును, సెప్టెంబరు 27వ తేదీన పుస్తకరూపమునను ఆ రచన వెలువడెను. పక్షుల పలుకు వినరాని వసంతకాలమును సూచించుచు ఆమె దానికి నిశ్శబ్ద వసంతమని పేరిడెను.

రసాయన వర్తకులు ధనము వెచ్చించి ప్రతివాదమును సాగించిరి. ఒక సంస్థ ప్రచురణకర్తలను వ్యాజ్యముతో బెదరించెను. ఆమె డాక్టరు పట్టము లేనిదనియు, అవివాహిత యనియు, పరదేశముల పక్షపాతి యనియు నిందించినవారు గలరు. ఆమె మాటకు మాట యనలేదు. అధ్యక్షుడు కెనెడీ నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము 1963 మే 15వ తేదీన ప్రకటించిన నివేదికలో ఆమె చెప్పినదానిని చాలవఱకు సమర్థించినది. జూన్‌లో ఆమె శాసనసభా సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. మందులన్నిటిని నిషేధింపుడని ఆమె కోరలేదు. తెలిసి వాడుడనియు, జనులకు తెలిపి వాడుడనియు, విచక్షణ లేక చల్లినచో కీటకములే ఆ మందునకు లొంగని జాతులుగా మారుననియు హెచ్చరించెను.

1963 నవంబరులో మిసిసిపీ నది దిగువభాగమున సుమారు 50 లక్షల చేపలు చచ్చి తేలినవి. వాని దేహములలో ఎండ్రిన్ అను పురుగుమందు కనబడెను. చేపలకు అది డి.డి.టి. కంటె 30 రెట్లు విషమని ఆమె గ్రంథమున అదివఱకే వ్రాసియుండెను. ఎగువనున్న మెంఫిసు నగరమందలి ఒక కర్మాగారపు వ్యర్థమే ముఖ్యకారణమని ప్రభుత్వ పరిశోధకులు నిర్ణయించిరి. ఆ సంస్థ దానిని అంగీకరింపలేదు. ఈ వార్త వెలువడిన కొలది దినములకే, 1964 ఏప్రిల్ 14వ తేదీన, 56 ఏండ్ల ప్రాయమున రేచెల్ కార్సన్ దివంగతురాలయ్యెను. 1970లో అమెరికాలో పర్యావరణ పరిరక్షణకు ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 1972లో వ్యవసాయమున డి.డి.టి. నిషేధింపబడినది.

ఎండ్రిన్ అను పేరు మన కోస్తా గ్రామములకు క్రొత్తది కాదు. చేలకు చల్లుటకు కొని తెచ్చిన ఆ డబ్బా ఎన్ని కాపురములను కూల్చినదో మన వృద్ధులు చెప్పగలరు. భారతదేశమున వ్యవసాయమునందు డి.డి.టి.ని 1989లోను, ఎండ్రిన్‌ను 1990లోను నిషేధించిరి. అమెరికాలో మందు చల్లినది విమానము. మన యూళ్లలో రైతు చేతి పంపు. దారి మాత్రము ఒక్కటే. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరు, 2002లో రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపబడిన మన సరస్సు, ఈ రెండు డెల్టాల మురుగుకాలువల నీటిని గ్రహించుచున్నది. మన చేలలో చల్లినది ఆ చేపల కడుపున చేరకుండునని యెవరు హామీ యీయగలరు?

కావున మనకు కావలసినవి రెండు. మిరామిచి నదియందువలె, ఆపద రాకమునుపే మన నదులలోను చెరువులలోను చేపలను, నీటిని ఏటేట పరీక్షించి లెక్కలు వ్రాసి, వానిని ప్రజలకు తెలుగున ప్రకటింపవలెను. ఇది ప్రభుత్వము పని. తన చేని మందు తన గట్టుతో ఆగిపోదని తెలిసి, అవసరమునకు మించి చుక్కయు వాడకుండుట భూస్వామి పని. చేపకు నోరు లేదు. ఒడ్డున తేలిన చేపను చూచినపుడు దాని పక్షమున అడుగవలసినవారము మనమే.