తేమను లొంగదీసిన ఇంజనీరు: విల్లిస్ కారియర్

వానకాలపు రాత్రి కారులో ప్రయాణము చేసినవారికి ఒక అనుభవము కలుగకపోదు. నలుగురు లోపల కూర్చుండి అద్దములు బిగించుకొనిన కొంతసేపటికి ముందటి అద్దము లోపలివైపున మసకబారును. గుడ్డతో తుడిచినను మరల కమ్ముకొనును. అప్పుడు తెలిసిన డ్రైవరు చల్లదనపు యంత్రమును నడిపించి, దానితోపాటే వేడిగాలి మీటను కూడ త్రిప్పును. చూచువారికిది వింతగా తోచును. ఒకే గాలిని ముందు చల్లబరచి, వెంటనే వేడి చేయుటలో ప్రయోజనమేమి? అయినను కొద్ది నిమిషములలో అద్దము తేటపడును. ఈ వింతలోని శాస్త్రమును ఇంజనీర్ల చేతి పనిముట్టుగా మార్చినవాడు కార్లను తయారు చేసినవాడు కాడు. ఒక అచ్చు కార్ఖానాలో కాగితములు ఉబ్బుచున్నవని పిలువగా వెళ్ళిన యువకుడు. అతడే విల్లిస్ హేవిలండ్ కారియర్.

కారియర్ 1876 నవంబరు 26వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఈరీ సరస్సుకు చేరువనున్న ఆంగోలా గ్రామములో ఒక రైతు కుటుంబమున జన్మించెను. తలిదండ్రులకు అతడొక్కడే సంతానము. చిన్ననాట అతనికి భిన్నముల లెక్కలు ఎంత చెప్పినను తలకెక్కలేదు. తల్లి ఎలిజబెత్ విసుగుకొనలేదు. నేలమాళిగనుండి ఆపిలుపండ్లు తెమ్మని, వానిని సగములుగా, పావులుగా, అరపావులుగా కోయించి, ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించెను. బడిలో చాక్‌పీసు పట్టుకొని నిలుచు మనకు ఈ ముచ్చట వేరుగా వివరింప నక్కరలేదు. కుమారునకు 11 ఏండ్ల వయస్సుండగనే ఆమె మరణించెను.

ఆ తరువాతి చదువంతయు కష్టార్జితమే. పొలము పనులు చేసి, కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, విద్యార్థివేతనము సంపాదించి కార్నెల్ విశ్వవిద్యాలయమున చేరెను. 1901లో ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని, బఫెలో నగరములో ఫ్యానులను, గాలిని వేడిచేయు పరికరములను తయారుచేయు బఫెలో ఫోర్జ్ కంపెనీలో వారమునకు 10 డాలర్ల జీతముపై కుదిరెను.

మరుసటి సంవత్సరము న్యూయార్కు బ్రూక్లిన్‌లోని సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అను ముద్రణ సంస్థనుండి ఒక సమస్య వచ్చినది. రంగుల బొమ్మ అచ్చువేయునపుడు ఒకే కాగితముపై ఒక్కొక్క రంగును వేరువేరుగా వేయవలెను. ఒక రంగునకు మరియొక రంగునకు నడుమ గాలిలో తేమ మారినచో కాగితము సాగును, లేదా ముడుచుకొనును. అప్పుడు ఎరుపు ఒకచోట, నీలము మరియొకచోట పడి బొమ్మ చెడును. వేసవిలో కాగితము, కాలము, సొమ్ము మూడును నష్టమే. వారు కోరినది చల్లదనము కాదు. గాలిలో తేమ ఎల్లవేళల ఒకే పాళములో నుండుట. కారియర్‌ను శీతలయంత్రమునకు తండ్రియనుట వాడుకయైనది గాని, అది సరియైన మాట కాదు. మంచు తయారుచేయు యంత్రములు అతనికి ముందే ఉన్నవి. అతడు పట్టుకొనినది తేమ.

ఈ తేడా మన ప్రాంతములవారికి సులభముగా బోధపడును. అనంతపురపు ఎండ మాడ్చును. కాకినాడ ఉక్క ఉడికించును. వట్టివేళ్ళ తడకపై నీళ్ళు చల్లినచో పొడిగాలిలో గది హాయిగా చల్లబడును. సముద్రతీరమున ఆ తడక అంతగా పనిచేయదు. అక్కడి గాలి కడుపునిండ నీరు త్రాగియుండును, ఇక త్రాగలేదు.

గాలి ఎంత వెచ్చనిదైన అంత ఎక్కువ నీటియావిరిని మోయగలదు. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయును; 10 డిగ్రీల వద్ద సుమారు 9 గ్రాములను మాత్రమే. కనుక నిండుగా తడిసిన వెచ్చని గాలిని 10 డిగ్రీలకు చల్లబరచినచో మిగిలిన 21 గ్రాములు నీరుగా రాలిపోవలెను. ఆవిరి నీరుగా మారనారంభించు ఆ ఉష్ణోగ్రతకు తుషారస్థానమని పేరు. చల్లని గొట్టముల ఉష్ణోగ్రతను మనము నిర్ణయించినచో గాలిలో మిగులు తేమను గూడ నిర్ణయించినట్లే. పిదప ఆ గాలిని కావలసినంత వేడిచేసికొనవచ్చును. అందులోని ఆవిరి పెరుగదు. గాలి మాత్రము పొడిగా, దాహముతో నుండును.

ఈ సూత్రముపై 25 ఏండ్ల కారియర్ సిద్ధపరచిన పథకపు పటములపై 1902 జూలై 17వ తేదీ యున్నది. వేసవిలో 80 డిగ్రీల ఫారెన్‌హీటు, ఏడాది పొడుగున 55 శాతము ఆర్ద్రత అతని లక్ష్యములు. ఆ ఏడాది చివర పిట్స్‌బర్గు రైల్వే ప్లాట్‌ఫారముపై పొగమంచులో నిలుచుండగా మరియొక తలపు వచ్చినది. ఆ గాలి నిండుగా తడిసియున్నది. అయినను చల్లనిదగుటచే అందులోని నీరు స్వల్పమే. అట్లయిన కృత్రిమముగా పొగమంచును సృష్టించి, దానిలోని నీటి ఉష్ణోగ్రతను అదుపుచేసినచో చాలును గదా! చల్లని నీటి తుంపరలగుండ గాలిని పోనిచ్చి ఆ గాలిని ఆరబెట్టుట! నీటితో తేమను తీయుట వినుటకు విరుద్ధముగా నున్నది. 1906లో దీనికి పేటెంటు లభించెను. ఎయిర్ కండిషనింగ్ అను పేరు మాత్రము అతనిది కాదు. అదే ఏట నూలుమిల్లుల ఇంజనీరు స్టూవర్ట్ క్రేమర్ వాడినది. 1911లో కారియర్ అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు సమర్పించిన వ్యాసము ఉష్ణోగ్రతకు, తేమకు, తుషారస్థానమునకు గల లెక్కను సూత్రములలో నిలిపినది.

ప్రపంచయుద్ధపు తొలినాళ్ళలో బఫెలో ఫోర్జ్ ఈ శాఖను వదలుకొనెను. కారియర్ మరి ఆరుగురు ఇంజనీర్లతో కలిసి, సొంత సొమ్ము కూర్చుకొని 1915లో వేరు సంస్థను స్థాపించెను. అప్పటికి మూడేండ్ల క్రిందటనే అతని మొదటి భార్య మరణించినది. ముందు దారి స్పష్టముగా లేదు.

తరువాత నాటకశాలలు వచ్చినవి. నేలలోని రంధ్రములనుండి చల్లగాలిని వదలుటచే ప్రేక్షకుల పాదములు గడ్డకట్టెడివి, తలలు చెమర్చెడివి. అతని సహచరుడు లోగన్ లూయిస్ గాలిని పైనుండి దింపి, లోపలి గాలిలో కొంతను చల్లని గాలితో కలుపు పద్ధతిని కల్పించెను. 1925 మే నెల చివర న్యూయార్కు రివోలి థియేటరులో జనము విసనకఱ్ఱలతో వచ్చిరి. యంత్రము ఆలస్యముగా మొదలైనందున కారియర్ గుండె దడదడలాడుచుండెను. కొంతసేపటికి ఒక్కొక్క విసనకఱ్ఱ ఒడిలోనికి దిగెను.

కారులో మొదటి చల్లదనము 1939 చివర పాకార్డ్ కంపెనీ అమ్మకమునకు పెట్టినది. అది కారియర్ నిర్మించినది కాదు. పరికరములు వెనుక సామానుపెట్టెలో సగము ఆక్రమించెడివి. వలదనుకొనినపుడు ఇంజనువద్దకు పోయి బెల్టును ఊడదీయవలసియుండెను! యంత్రమున్నది గాని దానిపై అదుపు లేదన్నమాట. 1950 అక్టోబరు 7వ తేదీన కారియర్ మరణించెను. తాపము, చల్లదనము రెండింటిని ముందుభాగముననే ఒకే ఏర్పాటుగా కూర్చిన నాష్ కారు 1954లో వచ్చినది.

నేటి కార్లలో పలుచోట్ల గాలి మొదట చల్లని గొట్టముల చుట్టను దాటును. ఇంజను వేడినీరు ప్రవహించు మరియొక చుట్ట దాని వెనుక నుండును. ఎరుపు నీలము గీతలున్న మీటను త్రిప్పినపుడు చాల కార్లలో యంత్రపు బలము మారదు. రెండు చుట్టల నడుమనున్న రేకు తలుపు కదలి, ఎంత గాలి వేడి చుట్టమీదుగా పోవలెనో నిర్ణయించును. మరియొక మీట గాలిని ముఖమునకో, పాదములకో, అద్దమునకో మళ్ళించును. వానలో లోపలి గాలినే మరల మరల త్రిప్పు మీటను నొక్కరాదు. మన ఊపిరిలోని తేమ అందులోనే చిక్కుకొనును. అద్దపు మీటను పెట్టినపుడు అనేక కార్లలో చల్లని యంత్రము దానంతట అదే పనిచేయనారంభించును. గాలి ముందు చల్లని చుట్టపై తేమను రాల్చి, పిదప వేడెక్కి, దాహముతో అద్దమును తాకును. బ్రూక్లిన్‌లో కాగితములకు కుదిరిన లెక్క ఇదే.

వేసవిలో నిలిపిన కారు క్రింద చుక్కలు చుక్కలుగా నీరు కారుట చూచి కొందరు కంగారుపడి మెకానిక్కును పిలుతురు. అది లోపలి గాలినుండి రాలిన తేమ. దానిని బయటికి పంపుటకు చిన్న గొట్టమును ఏర్పాటుచేసియున్నారు.