చదువు చూపిన దారి
(గిడుగు రామమూర్తి జీవితం)

ఇంటి పెద్ద చనిపోతే ముందుగా ఆగిపోయేది పిల్లల చదువే. పెద్దకొడుకు పుస్తకాలు పక్కన పెట్టి ఏదో ఒక పనిలో చేరతాడు. కొన్నేళ్ళు గడిచాక తాను ఎందుకు బతుకుతున్నాడో, ఎటు వెళుతున్నాడో అతనికే తెలియని స్థితి వస్తుంది. ఇలాంటి పిల్లలు మన ఊళ్ళలో, మన బంధువుల్లో ఎందరో ఉన్నారు. వారి కోసం మన ప్రాంతానికే చెందిన ఒక ఉపాధ్యాయుని జీవితాన్ని ఈ నెల మీ ముందుంచుతున్నాం. ఇంట్లో తల్లిదండ్రులు దీన్ని పిల్లలకు చదివి వినిపిస్తే బాగుంటుంది.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు అక్కడి ఠాణాలో ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. విశాఖపట్నంలో మేనమామ ఇంట ఉండి చదువు కొనసాగించి, 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. పై చదువులకు వెళ్ళే స్తోమత లేదు. తల్లి, తోబుట్టువుల భారం తనపై ఉంది. అందుచేత 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై చరిత్ర చెప్పే ఉపాధ్యాయునిగా చేరారు.

పర్లాకిమిడి మనకు దూరమేమీ కాదు. సోంపేట నుంచి రైలులో నౌపడ చేరితే, అక్కడి నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి లైను ఉంది. 1900లో ఆ చిన్న రైలు మార్గం వేశారు. రామమూర్తి ఆ ఊరు చేరేనాటికి అదీ లేదు.

ఆగని చదువు

ఉద్యోగం దొరికితే చదువు ముగిసిందని చాలామంది అనుకుంటారు. రామమూర్తి అలా అనుకోలేదు. పగలు పాఠాలు చెబుతూ, ఇల్లు నడుపుతూ, ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. ఉత్తీర్ణులయ్యారు. మెట్రిక్యులేషన్‌కూ బి.ఏ.కూ మధ్య గడిచినవి 17 ఏళ్ళు! నేడు ఒక్క ఏడాది పరీక్ష తప్పితేనే జీవితం ముగిసిపోయిందని కుంగిపోయే పిల్లలున్నారు. వారు ఈ లెక్కను ఒకసారి గమనించాలి.

చరిత్ర చెప్పే మనిషి కనుక ముఖలింగం ఆలయాల్లోని శాసనాలు చదవాలని ఆయనకు అనిపించింది. పాత లిపులను స్వయంగా నేర్చుకుని, శాసనాలు చదివి, వాటిపై ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. ఎవరో ఆజ్ఞాపించిన పని కాదది. ఒక విషయం తెలుసుకుంటే దాని వెనుక మరో విషయం ఉందని తెలుస్తుంది. అలా చదువు ఆయనను ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు తీసుకువెళ్ళింది. తన జీవిత ధ్యేయం ఏమిటో ఆయనకు మొదటి రోజే తెలియదు. దారిలో తెలిసింది.

కొండల్లో దొరికిన ధ్యేయం

మందస దగ్గర నిలబడి చూస్తే మహేంద్రగిరి కొండలు కనిపిస్తాయి. ఆ కొండల్లోనూ, పర్లాకిమిడి చుట్టుపక్కల అడవుల్లోనూ సవరలు నివసిస్తున్నారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. అది ముండా భాషల్లో ఒకటి. ఆ రోజుల్లో దానిలో పుస్తకం లేదు, బడి లేదు. సవరలు చదువుకోవాలంటే ముందు తమ భాష వదులుకోవాల్సిందే.

రామమూర్తి దీన్ని తలకిందులు చేశారు. వారు మన భాష నేర్చుకునే దాకా ఆగడం కన్నా, చదువు చెప్పదలచిన తానే వారి భాష నేర్చుకోవడం న్యాయమని తలచారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని ఏళ్ళ తరబడి సవర నేర్చుకున్నారు. అడవుల్లో వారి వెంట తిరిగారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు తానే జీతాలిచ్చారు.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అడవుల్లో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. ఆ చెవుడు జీవితాంతం ఆయనను విడిచిపెట్టలేదు. ఆలోచించండి! మనుషుల మాటలను చెవులారా విని, రాసుకుని, వాటి వ్యాకరణం తేల్చవలసిన వానికి చెవులే పోవడం ఎంతటి పరీక్ష! మరొకరైతే అక్కడితో విరమించుకునేవారు. ఆయన మానలేదు. కొడుకు సీతాపతి కూడా ఆ కృషిలో భాగమయ్యారు.

1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలను అచ్చువేసింది. ప్రతిఫలంగా ఏం కావాలని అడిగితే, సవర భాషలోనే పాఠాలు చెప్పే బడులు కోరారు. తన కోసం ఏమీ అడగలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్ళు.

ఓటమిలోనూ ఆశ

సవర పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పిన వ్యక్తికి, తెలుగు పిల్లల స్థితి కూడా అర్థమయింది. ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో రాయవలసిన గ్రాంథికం మరొకటి. ఎంత తెలివి ఉన్నా ఆ గ్రాంథికం పట్టుబడని పిల్లవాడు మొద్దుగా మిగిలిపోయేవాడు. అందుకే వాడుక భాషలో చదువు చెప్పాలని ఆయన ఉద్యమించారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించుకుని, ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. పెద్ద పెద్ద పండితులు ఎదురు నిలిచారు. స్కూలు ఫైనలు పరీక్షలో వాడుక భాషలోనూ వ్యాసం రాయవచ్చని వచ్చిన అనుమతి కొద్దికాలానికే పోయింది. అయినా 1919లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షునిగా ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజంలో చేరి, 'తెలుగు' అనే పత్రిక నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అర్ధశతాబ్దం పైగా నివసించిన ఆ ఊరిని వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన కోరినది ఆయన కళ్ళముందు పూర్తి కాలేదు. విశ్వవిద్యాలయాలు వాడుక భాషకు తలుపులు తీయడానికి ఇంకా దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 2004 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది. నేడు ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నాటినవారు నీడలో కూర్చోకపోయినా చెట్టు పెరుగుతుంది. ఆశ అంటే ఇదే. ఫలితం తన చేతిలో లేదని తెలిసినా, తన వంతు పని మానకపోవడం.

మనం ఏం చేయాలి?

మన ఇళ్ళలో కొందరు ఉర్దూ మాట్లాడతారు, కొందరు తెలుగు. పిల్లలు బడిలో తెలుగో, ఇంగ్లీషో చదువుతారు. ధార్మిక విషయాలను నేడు మన అమ్మలు, అక్కచెల్లెళ్ళు తమకు తెలిసిన తేలిక తెలుగులో చదువుకుంటున్నారంటే, ఆ తెలుగు కోసం పోరాడిన ఈ పంతులు రుణం మన మీదా ఉంది. మేలు చేసిన వారిని గుర్తుంచుకోవడం మన సంస్కారం.

విద్యార్జనను విధిగా, నిరాశను దోషంగా భావించే మనం ఈ జీవితం నుంచి మూడు విషయాలు గ్రహించాలి. ఒకటి, ఆగిపోయిన చదువును ఏ వయసులోనైనా తిరిగి మొదలుపెట్టవచ్చు. రెండు, ధ్యేయం తెలియలేదని చేతులు ముడుచుకు కూర్చోకూడదు. చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేస్తూ నేర్చుకుంటూ పోతే అది కనిపిస్తుంది. మూడు, మనం నేర్చుకున్నది మనకన్నా వెనుకబడిన వారికి చేరినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

మీ వీధిలో తండ్రి లేని పిల్లవాడు ఎవరైనా బడి మానేశాడా? ఈ సాయంత్రమే వెళ్ళి వాడిని పలకరించండి. ఆనాడు ఒక మేనమామ తన ఇంటి తలుపు తెరవకపోతే, ఈ కథలో ఏదీ జరిగేది కాదు.