రేడియో అన్నయ్య

తెలుగువారు నివసించే నేలకు ఈశాన్యపు కొసన బరంపురం, నైరుతి కొసన మడకశిర. అక్కడ ఒడియా, ఇక్కడ కన్నడం ఇరుగుపొరుగు భాషలు. అటువంటి సరిహద్దు పట్టణాలలో తల్లిభాష ఎవరో నిలబెట్టుకుంటేనే నిలుస్తుంది. ఆ బరంపురంలో 1905లో జన్మించిన న్యాయపతి రాఘవరావుగారు తెలుగు బాలలందరికీ రేడియో అన్నయ్యగా సుప్రసిద్ధులయ్యారు.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివే. 1948లో విజయవాడ కేంద్రం ఏర్పడేవరకు ఆ ప్రాంతపు తెలుగువారికి అదే తమ రేడియో. పెట్టె కొనగలిగినవారు కొద్దిమంది. కొన్నవారు లైసెన్సు రుసుము కూడ చెల్లించవలసి ఉండేది. కనుక ఉన్న ఒక్క పెట్టె చుట్టూ వీధిలోని పిల్లలు మూగేవారు.

ఆ రోజులలో పెద్దలు మాట్లాడుతుండగా పిల్లలు నోరు మెదపరాదు. ఇంట తండ్రి, బడిలో బెత్తం. అట్టి కాలంలో రాఘవరావుగారు పిల్లలకు మాటలు చెప్పడంతో తృప్తిచెందక, మైకును వారి ముందే ఉంచారు. వారిచేత పాడించారు, నాటికలాడించారు. అందుకు తగిన గేయాలను, నాటికలను తామే రచించారు. ఆయన ఎన్నుకొన్న వరుస గమనింపదగినది. ఆయన గురువుగా గాని, తాతగా గాని పలుకలేదు. అన్న పెద్దవాడే, అయినా తండ్రి కోపగించినపుడు తమ్ముని పక్షాన నిలిచేవాడు. ఆయన సతీమణి కామేశ్వరిగారు అక్కయ్యగా ఈ కృషిలో సగపాలు వహించారు. ఆమె పేరును విడిచి ఆయన చరిత్ర వ్రాయడం న్యాయం కాదు.

1940లో వీరు ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో 'బాల' మాసపత్రికను ప్రారంభించారు. 'చందమామ' వెలువడింది ఆ తరువాత రెండేండ్లకు. రేడియోలో మైకు ఎటువంటిదో పత్రికలో పుట అటువంటిదని వారి భావన. పిల్లల రచనలకు, బొమ్మలకు అందులో చోటిచ్చారు. పద్నాలుగేండ్ల ముళ్లపూడి వెంకటరమణ తొలికథ, బాపు తొలిబొమ్మ అచ్చయినది 'బాల'లోనే. ఆ పుటలు లేకున్నను వారు పైకి వచ్చేవారేమో. కాని ఆ వయసులో తమ పేరు అచ్చులో చూచుకొన్న పిల్లవాని ధైర్యమే వేరు. పత్రిక 1959 వరకు సాగింది.

వ్రాసినది మిగులుతుంది, పలికినది గాలిలో కలుస్తుంది. నాటి ప్రసారాలు ఎక్కువగా ప్రత్యక్ష ప్రసారాలే. స్టూడియోలో ఎర్రదీపం వెలిగిన పిమ్మట దొర్లిన మాటను వెనుకకు తీసుకొనలేరు. పలికిన మాట దాచుకొనుటకూ వీలు లేదు. వార్తలు చదివినవారికి, ఆటల వ్యాఖ్యాతలకు సైతం ఇదే గతి. ఒక తరాన్ని అలరించిన కంఠాలు ఆ తరంతోనే అంతరిస్తున్నాయి. అందువల్లనేమో, అన్నయ్య గాలిని మాత్రమే నమ్ముకొనలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించాక హైదరాబాదు చేరి, రేడియోలో బాలల కార్యక్రమాలు నడుపుతూనే, నారాయణగూడలో బాలానంద సంఘానికి స్థిరమైన నెలవు కల్పించారు. గొంతుగా మాత్రమే తెలిసిన అన్నయ్యను, అక్కయ్యను పిల్లలు అక్కడ కన్నులారా చూడగలిగారు.

కామేశ్వరిగారు 1980లో మరణించారు. అక్కయ్య లేని సంఘాన్ని చూచుకొంటూ మరి నాలుగేండ్లు జీవించి, 1984లో రాఘవరావుగారు కన్నుమూశారు.