జింగిల్ బెల్స్ పాటలో క్రిస్మస్ ఊసే లేదు.. రాసినాయన కథ తెలుసా?

గోదావరిఖని: డిసెంబర్ 23న సింగరేణి డే. ఆ సందడి తగ్గకముందే రెండు రోజుల్లో క్రిస్మస్. బొగ్గు గనుల కాలనీల్లో ఇళ్ల ముందు స్టార్లు వెలుగుతాయి, స్కూళ్లలో పిల్లలు ఎర్ర టోపీలు పెట్టుకుని జింగిల్ బెల్స్ పాడతారు. మంచు అన్నదే కురవని ఊళ్లో మంచుబండి పాట! అసలు సంగతేంటంటే.. ఆ పాటలో ఏసు పుట్టుక లేదు, సాంటా తాత లేడు, క్రిస్మస్ అన్న మాటే లేదు. చలికాలంలో కుర్రకారు గుర్రపుబండి మీద కొట్టే షికారే అందులో ఉంది.

రాసింది జేమ్స్ లార్డ్ పియర్‌పాంట్. 1822లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి జాన్ పియర్‌పాంట్ చర్చి పాస్టర్, కవి కూడా. బానిసత్వం పోవాలని గట్టిగా కొట్లాడిన మనిషి. కొడుకు మాత్రం ఇంట్లో నిలబడే రకం కాదు. 14 ఏళ్లకే స్కూల్ వదిలి పారిపోయి తిమింగలాల వేట ఓడ ఎక్కేశాడు. తర్వాత నేవీలో పనిచేశాడు. తిరిగొచ్చి పెళ్లి చేసుకున్నాడు. 1849లో కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని ఊరూవాడా మోగిపోతుంటే, భార్యాపిల్లల్ని వదిలి అటు పరుగెత్తాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన వ్యాపారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఉత్తచేతులతో వచ్చినవాడికి అన్న దారి చూపాడు. జార్జియా రాష్ట్రంలోని సవానాలో అన్న పాస్టర్‌గా ఉన్న చర్చిలో ఆర్గాన్ వాయించే పని దొరికింది. 1856లో భార్య చనిపోయింది. మరుసటి ఏడాది అక్కడే ఎలిజా జేన్ పర్స్‌ను పెళ్లాడాడు. పాట బయటికొచ్చింది కూడా ఆ ఏడే.

పాట పేరు మొదట జింగిల్ బెల్స్ కాదు, వన్ హార్స్ ఓపెన్ స్లెయ్. అంటే ఒంటిగుర్రం మంచుబండి. దానికి చక్రాలుండవు, మంచు మీద చప్పుడు లేకుండా జారిపోతుంది. ఎదురొచ్చేవాళ్లు తప్పుకోవాలని గుర్రానికి గంటలు కట్టేవారు. మన ఎడ్ల మెడలో గంటల్లాగే అన్నమాట.

చాలామందికి తెలియని చేదు ముచ్చట ఒకటుంది. 1857 సెప్టెంబర్ 15న బోస్టన్‌లోని ఆర్డ్‌వే హాల్‌లో ఈ పాట మొదటిసారి వేదికెక్కింది. పాడింది జానీ పెల్. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే ప్రదర్శన అది. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన కైనా హామిల్ పాత కరపత్రాలు వెతికి 2017లో ఈ విషయం బయటపెట్టారు. 1859లో జింగిల్ బెల్స్ పేరుతో మళ్లీ అచ్చేసినా పాట పెద్దగా అమ్ముడుపోలేదు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం అక్కర్లేదన్న అన్న అప్పటికే ఉత్తరాదికి వెళ్లిపోయాడు. జేమ్స్ కదల్లేదు. దక్షిణాది గుర్రపు దళంలో క్లర్క్‌గా చేరాడు, వాళ్ల కోసం యుద్ధ పాటలూ కట్టాడు. 76 ఏళ్ల తండ్రేమో ఉత్తరాది సైన్యంలో పాస్టర్‌గా వెళ్లాడు. ఒకే ఇల్లు.. రెండు సైన్యాలు!

యుద్ధం తర్వాత సంగీతం పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. మేనల్లుడు మాత్రం ప్రపంచం ఎరిగిన బ్యాంకర్ జేపీ మోర్గాన్. పాట డబ్బులతో జేమ్స్ బాగుపడింది లేదు. 1893లో ఫ్లోరిడాలో కన్నుమూశాడు, సవానాలో ఖననం చేశారు.

1965 డిసెంబర్ 16న జెమిని 6 వ్యోమగాములు షిరా, స్టాఫర్డ్ అంతరిక్షంలో హార్మోనికా, చిన్న గంటలతో వాయించింది ఈ పాటే.