ఆకాశమునందలి ఆసియా

ఆసియాఖండ మెచ్చట నున్నదో బాలురు సైత మెరుగుదురు. ఆకాశమునందును ఆసియా యొకటి కలదనియు, దానిని మదరాసు వేధశాలనుండియే కనుగొనిరనియు నెరిగినవారు మాత్ర మరుదు. దానిని కనుగొనిన నార్మన్ రాబర్టు పోగ్సన్ చరిత్రము మనవారు తెలిసికొనదగినది.

పోగ్సన్ 1829 మార్చి 23వ తేదీన ఇంగ్లండులోని నాటింగుహాము పట్టణమున జన్మించెను. ఆక్సుఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడుగా నుండగా, 1856లో నక్షత్రకాంతిని గణించుటకు నియమ మొకటి యేర్పరచెను. మొదటితరగతి తార ఆరవతరగతి తారకంటె నూరురెట్లు కాంతిగలదని గ్రహించి, తరగతి తరగతికిని సుమారు 2.512 రెట్లు భేదమని నిర్ణయించెను. నేటికిని జ్యోతిశ్శాస్త్రజ్ఞు లీ కొలతనే యనుసరించుచున్నారు.

1861లో నతడు ప్రభుత్వజ్యోతిష్కుడుగా మదరాసు చేరెను. ఆ యేడే ఏప్రిలు 17వ తేదీన నతనికి క్రొత్త క్షుద్రగ్రహ మొకటి కనబడెను. ఇట్టివి కంటికి కానరావు. దూరదర్శనయంత్రమునందును నక్షత్రమువలె చిన్నచుక్కగానే తోచును. ఆకాశభాగమును పటముతో సరిచూచి, పటమునలేని చుక్క రాత్రిరాత్రికి స్థానము మార్చుచున్నదేమో కనిపెట్టవలెను. అట్లు కొలిచిన స్థానములనుబట్టి గణితముచే కక్ష్య తేలును. ఈ గ్రహము కుజగురుల కక్ష్యల నడుమ, భూమికంటె సగటున 2.4 రెట్లు దూరమున నుండి, సుమారు 3 సంవత్సరముల 9 మాసములకు సూర్యుని నొకమారు చుట్టివచ్చును.

అంతకుముందు లెక్కకెక్కిన 66 క్షుద్రగ్రహములును ఐరోపా అమెరికాలనుండి కనుగొనబడినవే. ఈ ఖండమునుండి మొదట కనబడినది గనుక, గ్రీకుపురాణమునందలి దేవతపేరును నగునట్లు, పోగ్సన్ దీనికి ఆసియా యని పేరిడెను. అతడు జీవితమున నిట్టివి ఎనిమిదింటిని కనుగొనెను. వానిలో 1866 నాటి సిల్వియాకు రెండు ఉపగ్రహములు కలవని 2005 నాటికి తేలినది.

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పోగ్సన్ మచిలీపట్టణమునుండి పరిశీలించెను. అతని సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు నైజామురాజ్యములోని వనపర్తికి పోయెను. పోగ్సన్ రాకకు పూర్వమునుండియు నా వేధశాలయందు పనిచేయుచుండిన ఈయన 1867లో, కాంతి హెచ్చుతగ్గులగు తార నొకదానిని కనుగొనెను. 1874 నాటి శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో పుస్తకము వెలువరించెను. పోగ్సన్ కుమార్తె ఐసిస్‌యు 1873 మొదలు అచ్చటనే సహాయకురాలుగా గణితముచేసెను. 1886లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వమునకు ఆమె పేరు ప్రతిపాదింపబడినను, స్త్రీ యగుటచే నెరవేరలేదు. 1920లో గాని ఆ గౌరవ మామెకు లభింపలేదు.

పోగ్సన్ 1891 జూనులో మదరాసునందే మృతినొందెను. అతని కీర్తి యథార్థమైనది; దానిని తగ్గింప నవసరములేదు. కాని ముప్పదియేండ్ల యా రాత్రులలో మేలుకొన్నవా డొక్కడే కాడు. ఆసియా కథ చెప్పువారు రఘునాథాచార్యులను, ఐసిస్‌ను విడిచి చెప్పినచో ఆ చరిత్ర సగమే యగును.