గామా పహిల్వాన్ – దేహదారుఢ్యము

కండబలమే దేహదారుఢ్యమని పలువురి భావన. ఓర్పు, చురుకుదనము కూడ అందులో అంగములే. వీటికి పరీక్ష ఎట్లని అడుగువారికి మేము గామా జీవితమును చూపుతాము.

అమృతసర్ ప్రాంతమున 1878లో జన్మించిన గులాం మహమ్మద్ బక్ష్, 1888లో జోధ్‌పూర్ మహారాజు జరిపిన వ్యాయామపు పోటీలో నిలిచాడు. 400కు పైగా మల్లులు బైఠక్‌లు తీస్తూ ఒక్కొక్కరే విరమించగా, చివరి 15 మందిలో ఆ పదేండ్ల బాలుడున్నాడు. మహారాజు అతనినే విజేతగా ప్రకటించారు. కండలింకా రాని వయస్సది! అక్కడ తేలినది దమ్ము.

1910లో లండను నిర్వాహకులు పొట్టివాడని ఆయనను తొలుత పోటీకి రానీయలేదు. ఆ సెప్టెంబరులోనే, ఎంతో బరువైన పోలండు మల్లుడు జిబిస్కో రెండున్నర గంటలసేపు నేలను కరచుకొని ఓటమి తప్పించుకున్నాడు. 1928లో పటియాలాలో ఇరువురూ మరల తలపడ్డారు. ఏబది ఏండ్ల గామాకు ఈసారి నిమిషము కూడ పట్టలేదు. 1960లో ఆయన లాహోరులో కన్నుమూశారు.